వార్డులో నేను రాసిన తారీఖు

ఆసుపత్రిలో పనిచేశానని చెప్తే మనవాళ్లు నన్ను నర్సనుకుంటారు. బీపీ చూడమని చెయ్యి చాపినవాళ్లు కూడా ఉన్నారు. కాదండీ అంటే, అయితే రిసెప్షనా అని కాస్త తేలిగ్గా చూస్తారు. నేను చేసింది ఆ రెండూ కాదు. పరాయి దేశం నుంచి వచ్చిన పేషెంటు మంచం దగ్గరికి వెళ్లి, ఇక్కడ ఇంగ్లండులో ఉచిత వైద్యానికి ఆ మనిషికి అర్హత ఉందో లేదో తేల్చే ఉద్యోగం నాది. రెండువేల ఎనిమిదిలో చేరాను, రెండువేల పంతొమ్మిదిలో రిటైరయ్యాను. నేను వార్డులో అడుగుపెట్టగానే నిద్ర నటించినవాళ్లను చాలామందిని చూశాను. ఒకాయన గురక కూడా పెట్టాడు.

ఈ పనిలోకి ఇప్పుడు మన పిల్లలు బాగానే వస్తున్నారు. ఇల్ఫర్డ్‌లో మా వీధిలోనే ఇద్దరున్నారు. "ఆంటీ, ఏమైనా టిప్స్ చెప్పండి" అని అడుగుతుంటారు. రూల్సు ఏటేటా మారతాయి, అవి మీరే చదువుకోండి. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక తప్పు గురించి. నేను పనిమంతురాలిని, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పని తెలియనివాళ్లు పది మందిని అడిగి చేస్తారు. నాలాంటి పనిమంతులే ఇలాంటి తప్పు చేస్తారు.

పని తీరు క్లుప్తంగా చెప్తాను. వార్డుల్లో కొత్తగా చేరినవాళ్లలో ఎవరి కాగితాలు సరిగ్గా లేవో, వాళ్ల జాబితా పొద్దున్నే మా ఆఫీసుకి వచ్చేది. మంచం దగ్గరికి వెళ్లి, ఇక్కడ ఎప్పటినుంచి ఉంటున్నారు, ఏ వీసా మీద ఉంటున్నారు అని అడగాలి. అర్హత లేదని తేలినా వైద్యం ఆపరు. ప్రాణం మీదికి వచ్చినదాన్ని, ఆలస్యమైతే చెడిపోయేదాన్ని చేసి తీరాలి. ఆగగలిగే ఆపరేషన్ మాత్రం ముందుగా డబ్బు కడితేనే చేస్తారు. ఆగగలదో లేదో డాక్టరు చెప్పాలి. అది చెప్పాలంటే ఆ మనిషి తన దేశానికి ఎప్పుడు వెళ్లిపోతుందో డాక్టరుకి తెలియాలి. ఆ తారీఖు కనుక్కుని రాసిచ్చేది మేము.

మా దగ్గర మినహాయింపుల పట్టిక ఒకటి ఉండేది. మోసపోయి ఈ దేశానికొచ్చి వెట్టిచాకిరీలో ఇరుక్కున్నవాళ్లు అందులో ఒక వరస. వాళ్లకి ఏ వైద్యమైనా ఉచితమే. నేను చెప్పబోయే కేసు వచ్చేదాకా ఆ గడిలో నేను టిక్కు పెట్టింది రెండేసార్లు. రెండుసార్లూ పేషెంటు పక్కన పోలీసులు నిలబడి ఉన్నారు. దాంతో అలాంటివాళ్లంటే పోలీసులు వెంటబెట్టుకుని తీసుకొచ్చేవాళ్లే అని నా బుర్రలో పడిపోయింది.

ఆఫీసులో మేమిద్దరమే. నా ఎదురు బల్ల దగ్గర కూర్చునేది ఘానా నుంచి వచ్చినావిడ. నాకంటే ఆరేళ్లు పెద్ద. పొద్దున్నే చర్చిలో ప్రార్థన చేసి వచ్చి, మధ్యాహ్నం దాకా కంప్యూటర్ని తిట్టేది. మా ఇద్దరి మధ్య ఆవిడ పెట్టిన ఒక కట్టుబాటు ఉండేది: ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల మంచాల దగ్గరికి నేను వెళ్లాలి, మన దేశంవాళ్ల దగ్గరికి ఆవిడ వెళ్లాలి. భాష రాకపోతే ఫోన్లో దుబాసీని పెట్టుకోవాలి. నాకిది శుద్ధ దండగలా కనిపించేది. తెలుగు వచ్చినదాన్ని నేనుండగా, ఎక్కడో కూర్చున్న తెలుగు దుబాసీతో ఘానా ఆవిడ మాట్లాడటమేమిటి? అందుకని తెలుగు పేరు కనిపిస్తే జాబితా ఆవిడ చేతికి వెళ్లకముందే నేను లేచి వెళ్లిపోయేదాన్ని.

రెండువేల పద్దెనిమిది వేసవిలో ఒక సోమవారం అలాగే లేచాను.

చేతుల ఆపరేషన్ల వార్డులో కిటికీ పక్క మంచం. ముప్పై దాటిన మనిషి, కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కాగే నూనె పడి రెండు నెలలైందట. ఇంట్లోనే ఏవో పూసి ఊరుకుంటే చీము పట్టి, జ్వరం వచ్చి, అప్పుడు తీసుకొచ్చారు. చీము తీసేశారు కానీ వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. పక్కన కుర్చీలో చక్కటి కుర్తీ వేసుకున్నావిడ కూర్చుని యాపిల్ కోస్తోంది. నన్ను చూడగానే లేచింది.

"అయ్యో, మీరా ఆంటీ! గుర్తుపట్టారా? పోయినేడాది మీ మనవడి బర్త్‌డేకి అంకుల్ వచ్చి జంతికలు తీసుకెళ్లారు కదా మా దగ్గర!"

గుర్తుపట్టాను. హైదరాబాదు నుంచి గల్ఫ్ వెళ్లి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబం. ఇంట్లోనే పిండివంటలు చేసి ఆర్డర్ల మీద ఇచ్చేవాళ్లు. మా చుట్టుపక్కల స్టూడెంట్లు, పెళ్లిళ్లవాళ్లు, అందరూ వాళ్ల దగ్గరే తీసుకునేవాళ్లు. ఆ జంతికలు నిజంగా బాగుంటాయి. నాలుగు కిలోలు తెప్పిస్తే ఫంక్షన్ రోజుకి రెండే మిగిలాయి, మిగతావి మావారు పరీక్షించారు.

"ఈమె?" అన్నాను మంచం వైపు చూపిస్తూ.

"మా పిన్ని కూతురు ఆంటీ. కడప సైడు. హాలిడేకి వచ్చింది, పాపం, కిచెన్‌లో హెల్ప్ చేయబోయి ఇలా చేసుకుంది. ఇంగ్లీష్ రాదు, అందుకే నేనే ఉంటున్నాను."

నాకు హాయిగా అనిపించింది. తెలిసినవాళ్లు, మర్యాదస్తులు, దుబాసీతో పనిలేదు. మంచం అంచున కూర్చుని, పరాయి దేశంలో తెలుగు మనిషి కనబడితే మనం ఏం అడుగుతామో అదే అడిగాను.

"ఏ ఊరమ్మా మీది?"

ఆమె పక్కనున్నావిడ వైపు చూసింది. ఆవిడ ఊరి పేరు చెప్పింది.

"అరె! మా తోడికోడలి పుట్టిల్లు దాని పక్క ఊరే! ఇంటిపేరేమిటి? ఎవరి తాలూకు మీరు? చెప్తే మావాళ్లకి తెలిసే ఉంటుంది."

ఆమె ముఖంలో ఉన్న కాస్త కదలికా ఆగిపోయింది. దుప్పటి ఎడమచేత్తో గొంతు దాకా లాక్కుంది. పల్లెటూరి మనిషి, సిగ్గుపడిందనుకున్నాను. సిగ్గు పోగొడదామని మా తోడికోడలి అన్నదమ్ములందరి పేర్లూ చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. మిగతా ప్రశ్నలన్నిటికీ కుర్తీ ఆవిడే జవాబిచ్చింది. వీసా అయిపోయింది, శనివారానికి టికెట్ తీసుకున్నాం, రెండో ఆపరేషన్ ఇండియాలో మేమే చేయిస్తాం, డోంట్ వర్రీ ఆంటీ. నేను రాసుకున్నాను: బంధువులను చూడటానికి వచ్చింది, మినహాయింపు లేదు, శనివారం వెళ్లిపోతుంది. పోతూపోతూ వార్డు సిస్టర్‌తో, ఆ బంధువు దుబాసీలా పనికొస్తుంది, విజిటింగ్ టైమ్‌తో సంబంధం లేకుండా రోజంతా ఉండనివ్వండి అని సిఫారసు కూడా చేశాను. ఇంతకంటే చక్కగా ఎవరు చేస్తారు?

మంగళవారం సర్జన్ నా కాగితం చూశాడు. స్కాట్లాండ్ మనిషి, మాట తక్కువ. "ముడుచుకున్న చర్మాన్ని విడదీసి కొత్త చర్మం అతకాలి. మూడు వారాలు దాటితే వేళ్లు ఇక అలాగే ఉండిపోతాయి. శనివారం వెళ్తోంది, వెళ్లగానే అక్కడ చేయిస్తారు. అంతేగా?" అన్నాడు. అంతే అన్నాను. "ఆగవచ్చు" అన్నచోట టిక్కు పెట్టాడు. శుక్రవారం డిశ్చార్జి.

బుధవారం పొద్దున ఫైలు మూసెయ్యడానికి వీసా పేజీ ఫొటో ఒకటే తక్కువైంది. కుర్తీ ఆవిడకి ఫోన్ చేస్తే, "పాస్‌పోర్ట్ మావారి లాకర్లో ఉంది ఆంటీ, ఫొటో పెట్టిస్తాను" అంది. గంటలో వచ్చింది. తెరిచి చూశాను. ఏడాదిన్నర కిందటి వీసా, ఆరు నెలలకి ఇచ్చినది. దాని మీద టూరిస్టు అని లేదు. ఇంటిపని మనిషి అని ఉంది, యజమానితో పాటు వస్తున్నట్టుగా.

కాసేపు ఆ ఫొటోని చిన్నదీ పెద్దదీ చేస్తూ కూర్చున్నాను. నా మనసు మహా తెలివైనది, వెంటనే సర్ది చెప్పింది: టూరిస్టు వీసా రాక ఇలా తెచ్చుకుని ఉంటారు, మనవాళ్లు ఏదో ఒక దారి చూసుకుంటారుగా. మరి సొంత పిన్ని కూతుర్ని పనిమనిషిగా రాయించి తెచ్చుకుంటారా? హాలిడేకి వచ్చిన మనిషి ఏడాదిన్నర ఉంటుందా? ఆమె పాస్‌పోర్టు వాళ్ల లాకర్లో ఎందుకుంది? సోమవారం నుంచీ ఆమె గొంతు నేను ఒక్కసారైనా విన్నానా?

విననే లేదు. చేతిలో ఫోన్ పట్టుకుని ఎదురు బల్ల దగ్గరికి వెళ్లాను.

ఘానా ఆవిడ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని నా రిపోర్టు మొదటినుంచీ చదివింది.

"దుబాసీ ఎవరు?"

"నేనే."

"గదిలో ఇంకెవరున్నారు?"

చెప్పాను.

"ఆమెని నువ్వు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏమిటి?"

అది కూడా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"చూడు చెల్లీ. మా దేశంవాళ్లెవరైనా నన్ను ఎవరి కూతురివి అని అడిగితే, సాయంత్రానికల్లా ఈ సంగతి ఎంతమందికి తెలుస్తుందో నేను లెక్కవేసుకుంటాను. నువ్వు ఆమెని పలకరించానని అనుకున్నావు. నీ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు అని చెప్పావు. ఆ పక్కనున్న మనిషి ఆమెని ఇన్నాళ్లూ దేనితో బెదిరిస్తోందో అదే నువ్వు మెడలో ఆసుపత్రి కార్డు వేలాడేసుకుని వెళ్లి మళ్లీ చెప్పావు."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదని ఇప్పుడు తెలుసు కానీ అప్పుడు ఆవిడ మీదే అనుకున్నాను. నేను ప్రేమగానే అడిగానన్నాను. "ప్రేమగానే. అందుకే ఇంకా భయపడి ఉంటుంది" అంది. కాఫీ మెషిన్ దాకా వెళ్లి, కాఫీ తీసుకోకుండా తిరిగొచ్చాను. నేను శనివారం అని రాశాను కాబట్టే ఆ సర్జన్ ఆగవచ్చన్నాడు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉండి వంట చేయాల్సిన మనిషైతే ఆ శనివారం అబద్ధం. విమానం ఎక్కించేది నిజమైనా, అక్కడ ఆపరేషన్ చేయించేది ఎవరు? ఎలా చూసినా ఆమె కుడిచేయి పోతుంది. అది నా చేతిరాతతో పోతుంది.

"రేపు నేను వెళ్తాను. కానీ ఆ పక్కనున్న మనిషి అక్కడ ఉండకూడదు. ఆవిడకి అనుమానం కూడా రాకూడదు" అంది ఘానా ఆవిడ. "ఆమె పెద్ద మనిషి. నన్ను బలవంతంగా ఉంచారని తన నోటితో చెప్పి సంతకం పెడితే తప్ప మనం ఎవరికీ పంపలేం. దానికి నాకు ముప్పావు గంట కావాలి."

ముప్పావు గంట నేను తెస్తానన్నాను.

గురువారం పదిన్నరకి కుర్తీ ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చింది. వార్డు తలుపు దగ్గరే ఎదురెళ్లాను. వార్డులో రౌండ్స్ అవుతున్నాయి, ఇప్పుడు ఎవరినీ రానివ్వరన్నాను.

"అదేంటి ఆంటీ, మీరే కదా నాకు పర్మిషన్ ఇప్పించారు?"

"ఇప్పించాను, ఇవాళ వేరే సిస్టర్ ఉందమ్మా, నా మాట వినడం లేదు. రా, కింద టీ తాగుదాం. నీతో నాకు పని కూడా ఉంది, మా అక్క మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి ఆర్డర్ చెప్పాలి."

మా అక్కకి మనవరాళ్లు లేరు. ముగ్గురూ మనవళ్లే.

క్యాంటీన్లో కూర్చోబెట్టాను. అరిసెలకీ సున్నుండలకీ పది నిమిషాలు పట్టింది. ఆవిడ ఫోన్ తీసి టైమ్ చూసుకుంటోంది. అప్పుడు నాకున్న ఒకే ఒక్క విద్య వాడాను.

"అన్నట్టు అమ్మా, మీ అసలు ఊరేది? ఎవరి తాలూకు మీరు?"

మనవాళ్లని ఈ ప్రశ్న అడిగితే, దాచుకునేది ఏమీ లేదనుకున్న మనిషి ఎంతసేపైనా చెప్తుంది. తాతగారి కాలంలో ఊళ్లో వాళ్ల ఇల్లెంత పెద్దదో చెప్పింది. మేనత్తల గురించి చెప్పింది. వాళ్లాయన అన్నయ్య బేసింగ్‌స్టోక్‌లో ఇల్లు కొన్నాడని, తోడికోడలు తనని గృహప్రవేశానికి పిలిచిన తీరు బాగోలేదని చెప్పింది. నేను అయ్యో అన్నాను, అలా చేసిందా అన్నాను. నా టీ చల్లారిపోయింది. ఎదుట మనిషి నవ్వుతూ మాట్లాడుతుంటే, ఆవిడ చెడ్డదని నమ్మడం నాకు ఆ క్షణంలో కూడా కష్టంగానే ఉంది. సొంత పిన్నికి ఎంతమంది పిల్లలని అడిగాను. "ఇద్దరూ అబ్బాయిలే" అంది. అనేసి, నావైపు చూసింది. నేను సున్నుండల్లో నెయ్యి ఎక్కువ వేయించమ్మా అన్నాను.

ఫోన్ మోగింది. ఘానా ఆవిడ. "నువ్వు పైకి రావాలి. ఆమె చెప్పింది, అంతా చెప్పింది. కానీ సంతకం పెట్టదట. నీతో మాట్లాడాలంటోంది."

ఆఫీసులో పిలుస్తున్నారని లేచాను. సిస్టర్‌తో మాట్లాడి వస్తాను, నువ్విక్కడే ఉండమ్మా అన్నాను. లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులు ఎక్కాను. నా మోకాళ్లు ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

మంచం చుట్టూ తెర వేసి ఉంది. దిండు మీద ఫోన్, అందులో దుబాసీ. ఫోన్ దుబాసీలు పేరు చెప్పరు, నంబరు మాత్రమే చెప్తారు. ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడుతున్నారో కూడా చెప్పరు. ఆ నంబరు మనిషికి ఆమె ముప్పావు గంటలో చెప్పినదంతా ఘానా ఆవిడ కాగితం మీద ఉంది. గల్ఫ్‌లో నాలుగేళ్లు, ఇక్కడ ఏడాదిన్నర. పొద్దున్న ఐదింటికి స్టవ్వు దగ్గర నిలబడితే పిల్లలు పడుకునేదాకా. వాషింగ్ మెషిన్ పక్కన పడక. పెద్ద ఆర్డరుకి జంతికలు వేస్తుంటే మూకుడు ఒరిగింది. పేటలోని జీపీ డాక్టరుకి చూపిస్తే కాగితాలు అడుగుతారని రెండు నెలలు పసుపూ పేస్టూ పూశారు.

నేను తెర పక్కకి జరిపి నిలబడ్డాను. ఆమె నన్ను తేరిపార చూసింది. అప్పుడు మొదటిసారి ఆమె గొంతు విన్నాను.

"మేడం, మీ తోడికోడలిది మా పక్కూరే గదా?"

"అవునమ్మా."

"ఆయమ్మ ఎప్పుడూ ఒకటే మాట చెప్తాది మేడం. ఈడ తెలుగోళ్లందరూ మావాళ్లే, నువ్వు నోరిప్పితే తెల్లారేసరికి మీ ఊర్లో తెలుస్తాది అని. బంగారు దొంగతనం జేసి పోలీసులకి దొరికినావని మాయమ్మకి ఫోన్ జేస్తానంటాది. మా పాప ఈ సమ్మచ్చరం పెద్దబళ్లోకి పోతాంది. బళ్లో పిల్లోళ్లు దాన్ని దొంగదాని కూతురా అంటే అదేం గావాల? మీరొచ్చి మా ఇంటిపేరు అడిగేసరికి, ఆయమ్మ చెప్పింది నిజమే అనుకుంటి."

మెడలోని కార్డు తీసి జేబులో వేసుకున్నాను.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. "నేను ఎవరికీ చెప్పను. మా తోడికోడలికి చెప్పను, మావారికి చెప్పను. ఒట్టు."

"ఒట్లు ఒద్దు మేడం. ఆయమ్మ గూడా మాయమ్మ ముందర ఒట్టేసే తోడుకోనొచ్చె. మీరు నా పేరు మర్సిపోండి. మా ఊరూ మర్సిపోండి. రేపు యాడన్నా కనబడినా, నన్ను ఎరగనట్టు పోవాల. అట్ల పోతారా?"

"పోతాను."

"మీ తోడికోడలు అడిగినా?"

"ఎవరు అడిగినా."

దిండు మీది ఫోన్లో దుబాసీ ఊపిరి వినిపిస్తోంది. ఆమె కట్టు కట్టిన చేతిని చూసుకుంది.

"ఈ చెయ్యి లేకపోతే నేనేం జేసుకోని బతకాల? ఆ కాగితం ఇట్లియ్యండి."

కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి ఎడమచేత్తో పెట్టింది సంతకం. ఒక్కో అక్షరానికీ ఆగి, పళ్లు బిగబట్టి. ఘానా ఆవిడ కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

ఆ తర్వాత పనులన్నీ గబగబా నడిచాయి. సంతకమయ్యాక ఆ కాగితాన్ని ప్రభుత్వానికి పంపే అధికారం ఆసుపత్రికి లేదు. స్థానిక కౌన్సిల్ నుంచి సోషల్ వర్కర్ రావాలి. ఆమె రెండింటికల్లా వచ్చింది. నేను సర్జన్ని ఆపరేషన్ థియేటర్ బయట పట్టుకున్నాను.

"నేనిచ్చిన తారీఖు తప్పు. శనివారం ఆమె వెళ్లడం లేదు. ఎప్పుడు వెళ్తుందో ఎవరికీ తెలియదు."

"మొన్న తెలిసింది, ఇవాళ తెలియదా?"

"మొన్న నాకు తెలుసనుకున్నాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. తారీఖు తెలియనప్పుడు మూడు వారాల ఆపరేషన్ ఆగగలదని ఏ డాక్టరూ రాయలేడు. పాత టిక్కు కొట్టేసి "ఆగకూడదు" అన్నచోట కొత్తది పెట్టాడు. శుక్రవారం డిశ్చార్జి రద్దు చేశాడు. సోమవారం మొదటి ఆపరేషన్ ఆమెదే అన్నాడు.

క్యాంటీన్లో ఉన్నావిడని సర్దిచెప్పి ఇంటికి పంపే పని అంతకుముందే వార్డు సిస్టర్ చూసుకుంది. జ్వరం మళ్లీ వచ్చింది, విజిటర్లని రానివ్వరు అందట. సాయంత్రానికి పేషెంటుని ఇంకో వార్డుకి మార్చి, కంప్యూటర్లో పేరు బయటికి కనిపించకుండా చేశారు. తర్వాత పోలీసులు ఆ ఇంటికి వెళ్లారని తెలిసింది. కేసు ఏమైందో నాకు తెలియదు, అది అడిగే హక్కు కూడా నాకు లేదు. వెట్టిచాకిరీ బాధితురాలని నమ్మడానికి ఆధారాలున్నాయని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చిన రోజు మాత్రం ఆ గడిలో టిక్కు నేనే పెట్టాను. మూడోసారి. ఈసారి పక్కన పోలీసులు లేరు.

మా మేనేజర్ దగ్గరికి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. తెలిసినవాళ్ల ఇంటి మనిషి అని చెప్పకుండా కేసు తీసుకున్నందుకు నా ఫైల్లో ఒక మందలింపు ఉత్తరం పడింది. పదేళ్లలో అదొక్కటే. ఘానా ఆవిడ పెట్టిన కట్టుబాటుని ఆయన ఆఫీసు రూలుగా చేశాడు. ఆవిడ దాన్ని ప్రింట్ తీసి, నా బల్ల ఎదురుగా, నేను తలెత్తితే కనిపించేలా అంటించింది. తీసెయ్యమని నేను అనలేదు.

ఆ పెద్ద ఆర్డరు ఎవరిదో, మూకుడు ఏ రోజు ఒరిగిందో కాగితం మీద ఉంది. ఆ వారంలో మా ఇంట్లో ఫంక్షనేమీ లేదు, నిజమే. కానీ అంతకుముందు ఏడాది మేము తిన్న నాలుగు కిలోలు ఏ చేతులు వేశాయో నేనెప్పుడూ అడగలేదు. ఊరు అడిగేదాన్ని, ఇంటిపేరు అడిగేదాన్ని. అది అడగాలని తోచనేలేదు. జంతికలు ఎందుకు తెప్పించడం లేదని మావారు ఇప్పటికీ అడుగుతారు. కొలెస్ట్రాల్ అంటాను. ఒకసారి పెళ్లిలో ఒకావిడ, "మీ ఆసుపత్రిలో ఆ పిండివంటలవాళ్ల గొడవేదో అయిందట కదా" అని నా పక్కన చేరింది. మా ఆసుపత్రిలో రోజూ ఏదో గొడవేనండీ అన్నాను. మా తోడికోడలు కూడా అక్కడే ఉంది. నేను సాంబారు వడ్డించుకున్నాను.

పిల్లలూ, మన భాష రావడం ఈ ఉద్యోగంలో అర్హత అని మీకు చెప్తారు. నిజమే, నేను కాదనను. క్యాంటీన్లో ముప్పావు గంట నన్ను కాపాడింది అదే. అయితే మంచం దగ్గర కూర్చున్నప్పుడు, మీరు మాట్లాడే భాష ఆ మనిషికి చుట్టమా, కాపలావాడా అన్నది ముందు చూసుకోండి. తెలియకపోతే లేచి వచ్చి, పక్క బల్లవాళ్లని పంపండి.

నేను రిటైరవడానికి రెండు నెలల ముందు, చేతుల వ్యాయామం చేయించే క్లినిక్ కౌంటర్ దగ్గర ఏవో ఫైళ్లు తీసుకుంటున్నాను. పక్క కిటికీ దగ్గర ఒకామె నిలబడి ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, భుజాన మంచి బ్యాగు. ఫారం మీద కుడిచేత్తో సంతకం పెడుతోంది. చిటికెన వేలు ఇంకా కొంచెం వంగే ఉంది. మిగతా నాలుగూ పెన్నుని గట్టిగా పట్టుకున్నాయి. తలెత్తి నన్ను చూసింది. నేనూ చూశాను. ఎంత బాగుందో ఆ చెయ్యి అని పెద్దగా అరవాలనిపించింది నాకు. పాప ఎలా చదువుతోందని అడగాలనిపించింది.

కిటికీ లోపలి అమ్మాయి ఫారం తీసుకుని, "పేరు ఒకసారి చెప్తారా?" అని ఆమెని అడిగింది.

ఆమె నోరు తెరిచేలోగా నేను ఫైళ్లు చంకలో పెట్టుకుని లిఫ్టు వైపు నడిచాను.